నంబర్లు వేసి తెచ్చిన గుడి: అలంపూర్‌లో మా మొదటి రోజు

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే హైవే మీద మీకు అలంపూర్ కనిపించదు. అలంపూర్ చౌరస్తా కనిపిస్తుంది. కర్నూలు బస్సు కోసం నిలబడ్డ జనం, చాయ్ బండ్లు, జోగులాంబ గుడికి దారి చూపించే బోర్డు. అసలు ఊరికి పోవాలంటే అక్కడ ఎడమ చేతికి తిరిగి, పొలాల మధ్య నుంచి ఇంకా లోపలికి వెళ్లాలి. రైల్లో వచ్చేవాళ్లకూ ఇదే తంతు. స్టేషన్ పేరు 'అలంపూర్ రోడ్'. ఆ చివరి మాట ఎందుకు తగిలించారో దిగి ఆటో బేరమాడేటప్పుడు అర్థమవుతుంది.

అందుకే కాబోలు, బెంగళూరు వెళ్తూ వస్తూ ఈ చౌరస్తాని వందసార్లు దాటినవాళ్లలో కూడా చాలామంది ఊళ్లోకి పోయి ఉండరు. హైదరాబాద్ నుంచి దాదాపు 215 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే టిఫిన్ టైముకి తుంగభద్ర ఒడ్డున ఉంటారు. ఎక్కువ మంది అమ్మవారి దర్శనం చేసుకుని, గంటన్నరలో మళ్లీ కారెక్కి శ్రీశైలమో మంత్రాలయమో వెళ్లిపోతారు. నా మాట వింటే రాత్రి ఉండేలా రండి. గంటన్నరలో తేలే ఊరు కాదిది.

మేం ఐదుగురం వెళ్లాం. నాయిన, అమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను, అవ్వ. అవ్వ అంటే నాయిన వాళ్లమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. సంక్రాంతి వెళ్లిన తర్వాతి శనివారం. అమ్మకి జోగులాంబ దర్శనం కావాలి. తమ్ముడికి రీల్స్ కావాలి. నాకు చాళుక్యుల గుళ్లు చూడాలని ఉంది. అవ్వ కోరిక ఒక్కటే, కూడవెల్లి సంగమేశ్వరుణ్ని చూడాలి.

"ఆయనను యాడికో తెచ్చి పెట్టిండ్రంట గదా. నిలబెట్టిండ్రో పండబెట్టిండ్రో సూసొస్త" అంది.

కూడవెల్లి అంటే కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉండిన ఊరు. అవ్వ వాళ్లది ఆ సంగమానికి దిగువన, కృష్ణకి ఉత్తరపు ఒడ్డున ఇంకో ఊరు. రెండూ శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగినవే. అవ్వ ఊరు ఎక్కడో చూపించమంటే గూగుల్ మ్యాప్‌లో నీలం రంగు మీద వేలు పెట్టాలి. 1981లో ఊరు ఖాళీ చేసినప్పుడు నాయినకి ఎనిమిదేళ్లు. అప్పటి నుంచి అవ్వ ఈ వైపు రాలేదు. పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పేది. ఈసారి తనే అడిగింది.

బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి ఎక్కగానే కిటికీ అద్దం దించమంది. "ఇది మా ఏరే" అంది. అంతే. మళ్లీ కొంగు ముఖం మీదికి లాక్కుని పడుకుంది.

ఊళ్లో మొదటి పని టిఫిన్. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా: బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. జిల్లా జోగులాంబ గద్వాల, రాష్ట్రం తెలంగాణ, కానీ ఏరు దాటితే కర్నూలు. ఇక్కడి నాలుకకి రాష్ట్రాల హద్దు తెలీదు. తమ్ముడు రెండు ప్లేట్లు లాగించి, హైదరాబాద్‌లో ఇది ఎక్కడ దొరుకుతుందో వెతకడం మొదలుపెట్టాడు.

తర్వాత అమ్మవారు. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో అలంపూర్ జోగులాంబది ఐదో పేరు. సతీదేవి పై పలువరుస ఇక్కడ పడిందని నమ్మకం. క్యాలెండర్లలో చూసే చిరునవ్వు దేవత ఇక్కడ లేదు. శవం మీద కూర్చున్న తల్లి. విరబోసిన జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, పుర్రె. తమ్ముడు క్యూలోనే గుసగుసగా అడిగాడు, బల్లి ఎందుకని. ముందు నిలబడ్డ ఒక పెద్దామె విని వెనక్కి తిరిగింది.

"ఇల్లు పాడుబడితే వచ్చేటివి అవే గదా బిడ్డా. ఈ తల్లికి మొక్కుకుంటే అవి మన గడప తొక్కవు."

ఇల్లు పాడుబడకుండా కాపాడే తల్లి అనే పేరు ఆమెకి ఇక్కడ గట్టిగా ఉంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు, ఇంట్లో ఏదో కలిసి రావడం లేదని దిగులు పడేవాళ్లు వచ్చి మొక్కుతారు. ఉగ్రరూపం కాబట్టి చల్లబరచడానికి గుడి చుట్టూ నీళ్లు ఉంచారు. రోజూ అలంకారాల వెనక ఉండే నిజరూపం మాఘమాసంలో వసంత పంచమి నాడు చూడొచ్చు. ఆ రోజు సహస్ర ఘటాభిషేకం జరుగుతుంది. రద్దీని తట్టుకోగలిగితే ఆ సమయానికి రండి.

ఒక సంగతి మాత్రం క్యూలో ఎవరూ చెప్పరు. ఇప్పుడు మనం నిలబడే ఈ గుడి వయసు తమ్ముడి వయసు కంటే కొంచెమే ఎక్కువ. 2005లో కట్టింది. పాత గుడి 14వ శతాబ్దం చివర్లో బహమనీ సైన్యాల దాడిలో పోయిందంటారు. అప్పుడు అమ్మవారి విగ్రహాన్ని తీసుకెళ్లి పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరుడి గుళ్లో పెట్టారు. ఆరు వందల ఏళ్ల పైచిలుకు అక్కడే పూజలు అందుకుంది. కొత్త గుడి కట్టాకే తన చోటికి తిరిగొచ్చింది. నాయిన ఈ కథ చెప్తుంటే అవ్వ నడక ఆపింది.

"ఆరు నూర్ల ఏండ్లు ఒకరింట్ల ఉండిందా?"

"అవునమ్మా."

"ఓపికే" అంది అవ్వ.

బాలబ్రహ్మ గుడి పక్కనే. నవబ్రహ్మల్లో పూజలు బాగా జరిగేది ఇక్కడే. శివరాత్రికి జనం విరగబడేదీ ఇక్కడికే. లింగం ఆవు గిట్ట ఆకారంలో ఉంటుందని చెప్తారు. లోపల రాతి మీద చేతులు ఆనిస్తే జనవరి ఎండలో కూడా చల్లగా ఉంది. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, "నేను ఇక్కడే ఉంటా, మీరు తిరిగి రండి" అంది. ఆమె ట్రిప్ అప్పటికి పూర్తయినట్టే.

మాది అప్పుడే మొదలైంది. నవబ్రహ్మలు అంటే తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్లన్నీ బ్రహ్మవే, గుళ్లన్నీ శివుడివి. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని ఒక కథ. సిద్ధులు రసవాదం చేసేవాళ్లని, ఈ తొమ్మిదీ వాళ్లు వాడిన మూలికల పేర్లని ఇంకో కథ. అర్క అంటే జిల్లేడు కదా అని చూస్తే రెండో కథ నాకు ఎక్కువ నచ్చింది. కట్టించింది బాదామి చాళుక్యులు, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో. అంటే మన తెలుగువాళ్లు గొప్పగా చెప్పుకునే వేయిస్తంభాల గుడి, రామప్ప పుట్టడానికి నాలుగు వందల ఏళ్లకు పైగా ముందు.

ముందు మీరు శిఖరాలు చూడండి. మన వైపు గుడి అనగానే మెట్లు మెట్లుగా లేచే గోపురం గుర్తొస్తుంది. ఇక్కడివి చాలావరకు అలా లేవు. కింద నలుచదరంగా మొదలై, మెల్లగా లోపలికి వంగుతూ పైకి పోతాయి. చివరన పెద్ద ఉసిరికాయని అడ్డంగా నొక్కి పెట్టినట్టు ఒక రాతి చక్రం. దాని పేరు కూడా ఆమలకమే. భువనేశ్వర్ పోయినవాళ్లకి ఈ పోలిక వెంటనే తగులుతుంది. ఉత్తరాది నాగర పద్ధతి ఇంత కిందికి దిగి తుంగభద్ర ఒడ్డున నిలబడింది. ఇదే చాళుక్యుల పట్టదకల్లులో అయితే ఉత్తరాది, దక్షిణాది శిఖరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇక్కడ తారకబ్రహ్మ తప్ప మిగతావన్నీ ఉత్తరాది పద్ధతివే.

టైము తక్కువ ఉంటే ఒక్క స్వర్గబ్రహ్మ గుడి దగ్గర ఆగండి. వినయాదిత్యుడి కాలం, అంటే 681 నుంచి 696 మధ్య కట్టింది. లోకాదిత్య ఎళ అరస అనే ఆయన రాణి గౌరవార్థం కట్టించాడని శాసనం చెప్తుంది. గోడల చుట్టూ నడుస్తూ పోతే మూలల్లో దిక్పాలకులు, మధ్యలో రాతి జాలీ కిటికీలు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్న జంటలు. లోపల గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకి చీకటి దారి ఉంది. ఆ జాలీల్లోంచి వచ్చిన వెలుతురు నేల మీద చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది. తమ్ముడు ఆ వెలుతురులో అరచెయ్యి పెట్టి తిప్పుతూ తీసిన పదిహేను సెకన్ల వీడియోకి వాడి జన్మలో రానన్ని లైకులు వచ్చాయి. ఫ్లాష్ మాత్రం వేయకండి, గర్భగుడి వైపు ఫోన్ ఎత్తకండి.

తారకబ్రహ్మ సగం కూలిపోయింది, లోపల దేవుడు లేడు. అర్కబ్రహ్మదీ శిథిల స్థితే. వీటి ముందు ఎవరూ ఆగడం లేదు. అలా వదిలేయకండి. బాగున్న గుడిలో పనితనం కనిపిస్తుంది. కూలిన గుడిలో రాయి మీద రాయి ఎలా కూర్చోబెట్టారో కనిపిస్తుంది.

మ్యూజియం ఈ ఆవరణలోనే. బయలుదేరే ముందు సెలవు రోజు ఏదో కనుక్కోండి. చిన్నదే కానీ అరగంటలో బయటికి రాలేరు. అందరూ వెతికేది లజ్జాగౌరి. తల ఉండాల్సిన చోట తామరపువ్వు, ప్రసవించే భంగిమలో ఉన్న స్త్రీ. పిల్లలు కావాలని ఆడవాళ్లు మొక్కుకునే దేవత. తమ్ముడు తల తిప్పుకున్నాడు. అవ్వ మాత్రం ముందు నిలబడి చాలాసేపు చూసి, చేతులు జోడించి, "నూనె రాయలేదు, ఎండిపోయింది తల్లి" అంది. మ్యూజియం విగ్రహం మీద ఇంతకంటే మంచి కామెంట్ నేను వినలేదు.

అలంపూర్ గురించి మాట్లాడితే గడియారం రామకృష్ణ శర్మ గారి పేరు వదలకూడదు. శాసనాలు చదివిన పండితుడు, స్వాతంత్ర్య సమరయోధుడు. ఈ గుళ్ల చరిత్ర కోసం జీవితమంతా పనిచేశారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కి 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అప్పటికి ఆయన లేరు. 1953 జనవరిలో ఇదే ఊళ్లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ 'నా గొడవ'ని శ్రీశ్రీ ఇక్కడే ఆవిష్కరించాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి వీధిలో రెండు మేకలు, ఒక కొబ్బరికాయల బండి తప్ప ఏమీ లేని ఊరు ఇది. ఆ రోజు ఎంత సందడిగా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ నడిచాను.

భోజనం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. జొన్నరొట్టె దొరుకుతుంది, దొరికిన చోట తినండి. గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. హిందువులు, ముస్లింలు ఇద్దరూ పోతారు. అమ్మ అక్కడ కూడా కొబ్బరికాయ కొట్టి, చక్కెర పంచింది. ఆమె లెక్కలో ఊరికి వచ్చాక ఎవరినీ పలకరించకుండా పోకూడదు.

గుళ్ల దగ్గర్నుంచి నది కనిపించదు. ఇంత దగ్గర తుంగభద్ర ఉందని చెప్తే నమ్మబుద్ధి కాదు. మధ్యలో పెద్ద కట్ట. మెట్లెక్కి కట్ట మీద నిలబడితే ఒక పక్క కింద గుళ్ల శిఖరాలు, రెండో పక్క కింద నీళ్లు. శ్రీశైలం జలాశయం నిండితే వెనక్కి తన్నే నీళ్లు ఊళ్లోకి రాకుండా దీన్ని కట్టారు. అది లేకపోతే పొద్దుట్నుంచి మేం తిరిగిన చోటంతా ప్రాజెక్టు నీళ్ల దారిలోనే ఉంది. 2009 అక్టోబరు వరదల్లో ఆ కట్ట ఉన్నా నీళ్లు ఊళ్లోకి, గుళ్లలోకి వచ్చేశాయి. కర్నూలు మునిగిన వరద అదే. 2020 పుష్కరాలకి వాడిన మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాం. తమ్ముడు రాళ్లు విసిరి నీటి మీద ఎగిరించడం ప్రాక్టీస్ చేశాడు. అవ్వ పై మెట్టు మీదే కూర్చుంది.

"కిందికి రా అవ్వా, నీళ్లు బాగున్నయి."

"బాగనే ఉంటయి. నాకొద్దు."

నాయిన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పోదాం పా, సంగమేశ్వరుని దగ్గరికి."

నిజానికి పొద్దున ఊళ్లోకి వస్తూ ఆ గుడి పక్క నుంచే వచ్చాం. అవ్వ నిద్రలో ఉంది. లేపొద్దని నాయిన సైగ చేశాడు.

మేం వెళ్లేసరికి సాయంత్రం నాలుగున్నర. పడమటి ఎండ గోడ మీద పడి రాయి తేనె రంగులో ఉంది. ఎత్తయిన పీఠం మీద గుడి. చాళుక్యుల కాలం నాటిదే, శిఖరం నవబ్రహ్మల పోలికే. ఎవరికైనా చెప్పకపోతే పన్నెండు వందల ఏళ్లుగా ఇక్కడే ఉందనుకుంటారు. రాయికీ రాయికీ మధ్య అనుమానించాల్సిన చోటు ఒక్కటీ దొరకలేదు నాకు.

అవ్వ చెప్పులు విడిచి, గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి గోడ మీదే ఉంది. మొదటి చుట్టు మెల్లగా, రెండో చుట్టు ఇంకా మెల్లగా. మూడో చుట్టులో ఒక చోట ఆగి, "ఈ కిటికీ కింద పండుకుంటుంటిమి" అంది.

శివరాత్రికి వాళ్ల ఊరి ఆడవాళ్లంతా కలిసి పుట్టి ఎక్కి కృష్ణ దాటి కూడవెల్లికి వచ్చేవాళ్లట. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, పెద్ద గంపలా ఉంటుంది. అందులో పిల్లలు, బియ్యం మూటలు, ఒకసారి మేకపిల్ల కూడా. రాత్రంతా జాగారం. నిద్ర ఆగనివాళ్లు గుడి గోడ వారగా కొంగు పరుచుకుని పడుకోవడం. పెళ్లయిన మొదటి ఏడు తాత ఇక్కడ కొనిచ్చిన గాజులు తిరిగి పోయేటప్పుడు పుట్టిలోనే పగిలాయట. ఇవన్నీ నాయినకి కూడా కొత్తే. అమ్మ అయితే నోరు తెరుచుకుని వింటోంది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆ గాజుల సంగతి ఎప్పుడూ రాలేదు.

తర్వాత అవ్వ గుడి ముందుకొచ్చి నిలబడి చుట్టూ చూసింది.

"అంత సరిగ్గనే పెట్టిండ్రు. ఏరేది?"

ఎవరం ఏం మాట్లాడలేదు.

"రెండేర్లు కలిసిన సప్పుడు ఉండె ఈడ. అది లేకుంటే ఈయనకు నిద్రెట్ల పడుతది?"

తమ్ముడికి అసలు గుడిని ఎలా తెచ్చారన్న డౌట్. నాయిన వాడికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ముప్పై ఏళ్లుగా సెంట్రింగ్ పని చేయిస్తాడు, కట్టడం గురించి మాట్లాడితే హుషారు వస్తుంది. ముందు గుడిని మొత్తం కొలిచి బొమ్మ గీసుకోవాలి. ప్రతి రాయికీ ఒక నంబరు. ఏ వరుసలో ఎన్నోది, ఏ దిక్కు గోడది. ఆ తర్వాత శిఖరం నుంచి ఒక్కో రాయీ కిందికి దించాలి. కొత్త చోట పునాది వేసి, ఈసారి కింద నుంచి పైకి, నంబర్ల ప్రకారం పేర్చుకుంటూ రావాలి. ఒక్క నంబరు తప్పినా పైనున్నవేవీ కూర్చోవు. పురావస్తు శాఖ వాళ్లు శ్రీశైలం ముంపు నుంచి ఇలా తరలించిన గుళ్లు చాలానే ఉన్నాయి. కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరుడూ అలా వచ్చినవాడే. ప్రతి ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడే సప్తనదుల సంగమేశ్వరం వేరు, అది ఆంధ్ర వైపు. దాన్ని తరలించలేదు, ఉన్న చోటే మునిగి తేలుతుంటుంది. యూట్యూబ్‌లో ఈ ముగ్గురు సంగమేశ్వరుల్నీ కలిపేస్తుంటారు.

"ఈజిప్టులో అబూ సింబెల్ కూడా ఇట్లనే చేసిండ్రు" అన్నాడు తమ్ముడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. నిజమే. నైలు నది మీద ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, 1964 నుంచి 1968 దాకా, కొండలో చెక్కిన గుళ్లని ముక్కలుగా కోసి పైకి తెచ్చి అతికించారు. ప్రపంచమంతా డబ్బిచ్చింది. ఆ నీళ్లలోనే న్యూబియన్ల ఊళ్లూ మునిగాయి. ఆ కథ పోస్టర్ల మీద ఉండదు.

అవ్వ ఇదంతా వింటూ ఉంది. "నంబర్లా?" అని అడిగింది.

"అవునమ్మా, ఒక్కో రాయికి ఒక్కోటి."

"మాకు గుడ వేసిండ్రు గదరా. నీకు యాదికి లేదా? ఎర్ర రంగుతోటి, వాకిలి పక్కన. మన ఇంటికి నలభై రెండు."

నాయిన తల ఊపాడు. ఆయనకి గుర్తున్నది లారీ మాత్రమే. లారీలో మంచం మీద కూర్చుని వచ్చాడు. పిల్లలందరికీ అది జాతర లాగే ఉందట.

"గుడికి వేసిన నంబర్లు మళ్ల కట్టేటందుకు" అంది అవ్వ. "మాయి లెక్క రాసుకునేటందుకు."

గొంతులో కోపం ఏం లేదు. బియ్యం కొలత చెప్పినట్టు చెప్పింది. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

శ్రీశైలం నీళ్లలో దాదాపు వంద ఊళ్లు పోయాయి. 1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది. ముంపు కుటుంబాల్లో ఇంటికొకరికి ఉద్యోగం అని. కొల్లాపూర్ వైపు, నందికొట్కూరు వైపు ఇప్పటికీ ఎవరినైనా 'తొంభై ఎనిమిది జీవో' అని అడిగి చూడండి, అరగంట మాట్లాడతారు. ఆ ఉద్యోగాల కోసం ధర్నాలు చేస్తూ చేస్తూ జనం ముసలివాళ్లయ్యారు. గుడిని కాపాడిన పని గొప్పదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఆ గుడి ఇక్కడికి రాకపోయి ఉంటే అవ్వ చెయ్యి ఆనించడానికి తన చిన్నతనంలోని ఒక్క రాయి కూడా మిగిలేది కాదు. కానీ గుడి ముందున్న బోర్డు మీద దాని వయసు, శైలి, తరలింపు సంగతులు రాయగలిగిన చోట, కూడవెల్లి అనే ఊళ్లో ఎన్ని ఇళ్లు ఉండేవో ఒక్క లైను రాయడానికి కూడా జాగా దొరికేది.

పాపనాశి గుళ్లకి పోయేసరికి పొద్దు గూకుతోంది. అలంపూర్‌కి దగ్గర్లోనే, పెద్దా చిన్నా కలిపి ఇరవైకి పైగా గుళ్లు, ఇవీ ముంపు నుంచి తరలించినవే. నవబ్రహ్మల వంపు శిఖరాలు ఇక్కడ లేవు. మెట్లు పేర్చినట్టున్న పైకప్పులు, పొట్టి గుళ్లు, ఒకదాని పక్కన ఒకటి దగ్గర దగ్గరగా. మేం తప్ప ఎవరూ లేరు. ఫొటోల కోసమైతే అలంపూర్ మొత్తం మీద ఇదే మంచి చోటు, సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపు రండి. తమ్ముడు గుళ్ల మధ్య సందుల్లో తిరుగుతూ, "ఇది వీధి లాగుంది కదక్కా" అన్నాడు. అవ్వ ఒక అరుగు మీద కూర్చుని ఆ వరుసని చూస్తూ, ఏదో లెక్కపెడుతున్నట్టు వేలు కదిలించింది.

రాత్రి భోజనాలయ్యాక రూములో తమ్ముడు ఫోన్ చార్జింగ్ పెట్టి, రేపటి దారి చూస్తున్నాడు. పెబ్బేరు మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల. సోమశిల దగ్గర కృష్ణ నీళ్లు సముద్రంలా ఉంటాయని రీల్స్‌లో చూశాడు, బోటు ఎక్కాలని వాడి ఆశ. అవ్వ మంచం మీద నుంచి అడిగింది, ఆ ఫోన్‌లో మా ఊరు కనిపిస్తదా అని.

వాడు మ్యాప్ పెద్దది చేసి నీలం రంగు చూపించాడు. అవ్వ దగ్గరగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఇట్ల కాదు. నేను చెప్త, రాసుకో."

రాయడం ఎందుకని వాడు వీడియో ఆన్ చేశాడు. అవ్వ ముసుగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఊళ్లోకి రాంగనే చింతచెట్టు. చెట్టు పక్కన కుమ్మరోళ్ల ఇల్లు, వాళ్లకు ఇద్దరు బిడ్డలు. దాని ఎదురుగ సాలోళ్లది, పొద్దున మగ్గం సప్పుడుకే మాకు మెలకువొచ్చేది. తర్వాత బాయి. బాయి పక్క ఇంట్ల ముసలామె ఎవరినీ నీళ్లు తోడనిచ్చేది కాదు... నాయిన పక్క రూము నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి, "వాళ్లకు నల్ల కుక్క ఉండె కదమ్మా" అన్నాడు. "ఉండె, నిన్ను కరిసింది గుడ" అంది అవ్వ.

వీడియో పదకొండు నిమిషాలు వచ్చింది. అవ్వ చెప్పిన లెక్క ప్రకారం ఊళ్లో నూటికి పైనే ఇళ్లు. తొమ్మిదో ఇంటి దగ్గర ఆమెకి ఆవలింత వచ్చింది. మిగతావి సోమశిలలో నీళ్ల ముందర చెప్తానని, లైటు ఆర్పేయమంది.